వరస కలవలేదు

గాలివారం

చారూ, నిన్న భోజనశాలలో బల్ల ఎక్కి నువ్వు చెప్పింది తప్పు. క్రిములు ఎముకను తినవు.

"చిగుళ్ళలో చేరిన క్రిములు దవడ ఎముకను కొరికేస్తాయి, అందుకే పళ్ళు కదులుతాయి, రెండు పూటలా తోముకోండి" అన్నావు. తోముకోమన్నంతవరకు బాగానే ఉంది. మిగతాది నేను కాలేజీలో ఎముకల పాఠం చెప్పిన రోజుల్లో ఎవరైనా పరీక్షలో రాసి ఉంటే ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి, వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని రమ్మనేదాన్ని.

క్రిములు చిగురు అంచున చేరతాయి, నిజమే. వాటిని చూసి ఒంట్లో కాపలా కణాలు కేక పెడతాయి. ఆ కేక ఎముకదాకా పోతుంది. ఎముకలో కట్టే కణాలూ ఉన్నాయి, కూల్చే కణాలూ ఉన్నాయి. కేక వినపడగానే కూల్చేవాళ్ళు గుంపుగా తయారై, క్రిములు ముట్టుకోకముందే ఎముకను కరిగించి వెనక్కి జరిపేస్తారు. శత్రువుకు అందకుండా దూరం జరగడమన్నమాట. కేక చిన్నదైతే కాస్త జరిగి ఆగుతుంది. కేక ఆగకపోతే పన్ను పట్టు లేకుండా వేలాడుతుంది. గొడవ మొదలుపెట్టింది క్రిములే, ఇల్లు కూల్చింది మాత్రం మనవాళ్ళు. ఈ తేడా తెలియకపోతే మందు తప్పుచోట పడుతుంది.

ఇదంతా గది రోజువారీలో ఎందుకు రాస్తున్నావంటావేమో. ప్రతి గదీ రోజువారీ రాయాలి, దాన్ని ఆరోగ్య శాఖ చదవాలి అని మీ శాఖే రూలు పెట్టింది. నేల కింద ఈ నాలుగో పాతరలో ఆరోగ్య శాఖ అంటే నువ్వే. ఎదురుపడి చెబితే "తర్వాత అమ్మమ్మా" అని గబగబా మెట్లు దిగిపోతావు. రాసింది చదవకుండా ఎక్కడికి దిగుతావు?

ఇవాళ్టి పనులు. గాలి జల్లెడలు దులిపాం. ఎప్పటిలాగే తట్టెడు సున్నం రాలింది. నేను దులుపుతుంటే మీ నాయనమ్మ మంగతాయారు పక్కన నిలబడి ఇంకో మూల చూపించింది. వియ్యపురాళ్ళిద్దరినీ ఒకే గదిలో వేసిన మహానుభావుడెవరో కనపడితే కాళ్ళకు దండం పెట్టి, అవే కాళ్ళు విరగ్గొడతాను. భోజనంలో జొన్నరొట్టె, పుట్టగొడుగుల పచ్చడి. ఆవిడ రొట్టె అంచు కొరకలేక మజ్జిగలో నానేసుకుంది. "ఏం వదినగారూ?" అంటే, "ఇవాళ రొట్టె గట్టిగా ఉంది వదినగారూ" అంది.

రొట్టె ఎప్పటిలాగే ఉంది.

ఉతుకువారం

ఇవాళ గేటు మీ నాయనమ్మను ఆపేసింది.

దుప్పట్లు మోసుకుని ఉతుకుశాలకు బయలుదేరాం. మన వేలిముద్రలను సున్నం ఎప్పుడో తినేసింది. ముక్కూ మూతీ గుడ్డ చాటునే ఉంటాయి. ఇక మనిషిని గుర్తుపట్టడానికి మిగిలినవి పళ్ళు. గేటు దగ్గర మైనం బిళ్ళ కొరికితే, పలువరస చూసి తలుపు తెరుచుకుంటుంది. ఆ పలువరసకు పొట్టిగా 'వరస' అని పేరు పెట్టిన గుమాస్తాకు చుట్టపక్కాలు లేరనుకుంటాను. ఉంటే ఆ మాటతో ఆటలాడేవాడు కాదు.

నేను కొరికాను, తెరుచుకుంది. ఆవిడ కొరికింది. యంత్రం గొంతు సవరించుకుని, "వరస కలవలేదు. పక్కకు తప్పుకోండి" అంది.

మీ నాయనమ్మ దుప్పటి మూట కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుంది. "కలవకపోవడమేమిటి? మాది శ్రీవత్స గోత్రం. ఎవరితో కలపమన్నాను నిన్ను?"

"సంబంధం చూడటం లేదు వదినగారూ. పళ్ళు చూస్తోంది."

"నా పళ్ళకేం? మీవాటిలా గారపట్టి లేవు!"

వెనకున్న వాళ్ళంతా నవ్వారు. మాట మాత్రం నిజం. ఆవిడ పళ్ళు తోమడం ఒక వ్రతం. పూట పూటకూ అద్దం ముందు నిలబడి, ఒక్కో పన్నునూ పేరుపెట్టి పిలుస్తున్నట్టు తోముతుంది. నేను పొద్దున ఒకసారి, అదీ గుర్తొస్తే.

గేటు చూసే నూకరత్నం వచ్చి మైనాన్ని వెలుగులో తిప్పి చూసింది. సముద్రం ఊరు మింగేశాక ఈ నాపరాళ్ళ కిందికి వచ్చిన మనిషి, ఆ యాస మాత్రం తడి ఆరకుండా తెచ్చుకుంది. "నాదేటుందమ్మా, మైనం ఒప్పుకోలేదు. కింద పళ్ళు రెండు ముందుకొచ్చీసినాయి. ఒక గీత పడిపోనాది. మూడు పడితే పై అరకి పంపీయాల. రూలు."

పై అర సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా రాస్తాను, నీ పైవాళ్ళు కూడా చదవాలి. నేలకు దగ్గరగా ఉన్న గది అది. ఎవరో ఏమిటో తేలని మనుషులను తేలేదాకా అక్కడ ఉంచుతారు. పైన ఎండకు నాపరాయి కాగి, మధ్యాహ్నానికి గోడ మీద చెయ్యి ఆనించలేం. అక్కడికి ఎక్కిన పెద్దవాళ్ళలో తిరిగి తమ కాళ్ళతో దిగినవాళ్ళను నేను చూడలేదు.

దుప్పట్లు నేనొక్కదాన్నే ఉతికాను. నడుం నీకు శాపనార్థాలు పెడుతోంది.

నీళ్ళవారం

నీకు కబురు పెడితే వచ్చావు. కృతజ్ఞతలు. వచ్చి ఏం చేశావో నువ్వే చదువుకో.

మీ నాయనమ్మ నోరు తెరిపించావు. చిగుళ్ళు ఎర్రగా, ఉబ్బి, మెరుస్తున్నాయి. దీపం అటూ ఇటూ తిప్పి, "క్రిములు బాగా చేరాయి నాయనమ్మా, కాపలా చుక్కలు రెట్టింపు వేసుకో" అన్నావు. ఆవిడ పొంగిపోయింది. నేను నోరు తెరవబోతే, "తర్వాత అమ్మమ్మా."

ఇప్పుడే తర్వాత. విను.

నీ కాపలా చుక్కలు చేసే పనేమిటి? ఒంట్లో కాపలా కణాలు గట్టిగా కేకపెట్టేలా చేస్తాయి. జ్వరం లోపలికి అడుగుపెట్టకముందే ఒళ్ళు లేచి నిలబడాలని వాటిని తయారుచేశావు. మంచి మందే, కాదనను. కానీ ఆవిడ చిగుళ్ళలో ఉన్న నాలుగు క్రిములకు కూడా ఒళ్ళు ఊరంతా వినపడేలా కేకలేస్తోంది. ఆ ఎరుపు కేకదే. నువ్వు దాన్ని చూసి క్రిములనుకుని, ఇంకా గట్టిగా అరవమని మందు రెట్టింపు చేశావు. పక్కింటి కుక్క మొరుగుతోందని నీ కుక్కను కూడా కర్రతో పొడిచినట్టుంది.

నువ్వు వెళ్ళాక ఆవిడతో అన్నాను, "వదినగారూ, ఈ చుక్కలు ఆపి చూద్దాం."

ఆవిడ సీసాను కొంగున దోపుకుంది. "మన పిల్ల చేసిన మందు వదినగారూ."

"పిల్ల చేసినంత మాత్రాన పిల్లకు తప్పు రాదా?"

"ఈ చుక్కలు ఆ ఏడాది ఉంటే నా కొడుకు ఉండేవాడు."

పొడిజ్వరంలో మీ నాన్న పోయినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడకు కొడుకైతే నాకు అల్లుడు. ఆ తర్వాతే కదా నువ్వు నిద్రాహారాలు మాని ఈ మందు చేశావు. అప్పటినుంచి ఈ పాతరలో జ్వరంతో ఒక్కరూ పోలేదు. అందుకే నీ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు సుఖంగా లేదు. తెచ్చుకుంటున్నాను మాత్రం.

నీళ్ళు సగం బిందెలే వచ్చాయి. పంపుల దగ్గరున్న మీ అమ్మకు చెప్పు, తల్లి గదికైనా నిండా వదలమని.

ఉప్పువారం

ఇవాళ ఆవిడను గది దాటవద్దన్నాను. దాటింది. వంటశాలలో ఉప్పు పంచుతారట, నేను తెస్తే గడ్డలు ఏరి తీసుకోనట.

గేటు మళ్ళీ, "వరస కలవలేదు."

నేను మెట్ల మీద గోడ పట్టుకుని దిగేసరికి నూకరత్నం రెండో గీత గీయబోతోంది. మీ నాయనమ్మ ముఖంలో గర్వం దిగిపోయి, ఏదో పిల్ల పుస్తకం మరిచిపోయి బడికి వచ్చినట్టు ఉంది. నాకు ఒళ్ళు మండింది. మీ రూళ్ళ పలక అక్కడే గోడకు ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి చదివాను.

"నూకరత్నం, ఇది నువ్వే చదువు. 'వరస కలవని వ్యక్తి విషయంలో, వరస తెలిసిన నివాసి హామీ ఇస్తే ఆ పూటకు అనుమతించవచ్చు.' ఉందా?"

"ఉందమ్మా. కానీ అది పలువరస గురించి కదండీ. పళ్ళు తెలిసిన డాక్టరుగోరు అని..."

"పలు అని ఎక్కడుంది?"

నూకరత్నం పలక దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి వెతికింది. లేదు. పొట్టిగా రాసినందుకు ఆ గుమాస్తాను ఇవాళ క్షమించాను.

"ఈవిడ నీకేం వరసని అడుగు నన్ను."

"అడగడమేటమ్మా, ఊరందరికీ తెలుసు..."

"అడుగు."

"సరే. ఈవిడ మీకేం వరస?"

"వియ్యపురాలు. నా కూతురి అత్తగారు. నేను ఏం చేసినా తప్పుపట్టే హక్కు ఉన్న మనిషి. ఇంతకంటే కలిసిన వరస ఈ పాతరలో ఇంకోటి ఉందేమో చూపించు."

నూకరత్నం నవ్వాపుకోలేక గీత మానేసి తలుపు తీసింది. తీస్తూనే గొంతు తగ్గించి చెప్పింది, "ఇవాల్టికైతే పర్లేదమ్మా. రేపు కాదు, వచ్చే మైనంవారంనాడు పైనుంచి అధికార్లు వస్తారు, అందరి వరసలూ మళ్ళీ తీస్తారు. ఆ రోజు కలవకపోతే గీతలు లెక్కెట్టరు. నేరుగా పై అరే. నా చేతుల్లో ఉండదు."

"కొత్త వరస ఎక్కించుకోవడానికి దారేం లేదా?"

"ఉందమ్మా. డాక్టరుగోరు చీటీ ఇవ్వాల. పళ్ళెందుకు కదిలినాయో రాయాల. అశ్రద్ధ వల్ల అని ఉంటే ఒప్పుకోరు. లేపోతే దొంగలంతా పళ్ళు పీక్కుని వచ్చీయరా? దెబ్బ వల్లనో, వైద్యం వల్లనో అని ఉంటేనే."

చారూ, అర్థమైంది కదా. 'క్రిముల వల్ల' అని రాస్తే మీ లెక్కలో అది అశ్రద్ధ. ఆ శ్రద్ధగల మనిషి అశ్రద్ధకు పై అరలో ఉడుకుతుంది. 'వైద్యం వల్ల' అని నువ్వు రాయాలి. నీ చేత్తో, నీ మందు మీద.

తిరిగొచ్చేటప్పుడు మెట్ల మీద ఆవిడ అంది, "తప్పుపట్టే హక్కని నలుగురిలో అనాలా వదినగారూ?" ఉప్పు గడ్డలుగానే ఉంది. ఏరుకుంటూ కూచుంది.

గాలివారం

నువ్వు రాలేదు. 'సాక్ష్యం లేకుండా వైద్యం వల్ల అని రాయలేను, శాఖ ఒప్పుకోదు' అని చీటీ పంపావు. నేను నేర్పిన పద్ధతే. సంతోషించాలో, నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. చివరికి నేనే మోకాళ్ళు పట్టుకుని నీ గదికి దిగాను.

"నా నోరు చూడు" అన్నాను.

"నీకేమైంది?"

"ఏమీ కాలేదు. అదే చూడు."

దీపం వేశావు. నీ ముఖం ముడుచుకుంది. "అమ్మమ్మా, ఇదేమిటి ఇంత గార! ఎప్పుడు తోమావసలు?"

"తర్వాత తిట్టు. ముందు పట్టుకుని కదుపు."

ఒక్కో పన్ను పట్టుకుని ఊపావు. ఒక్కటీ కదల్లేదు. ఎక్స్‌రే తీశావు. ఎముక పన్ను మెడదాకా నిండుగా ఉంది. పక్కన మొన్న తీసిన మీ నాయనమ్మ ఎక్స్‌రే పెట్టావు. మెరిసే పళ్ళు, గార చుక్క లేదు, పంటి వేళ్ళు సగం దాకా నల్లటి ఖాళీలో ఉన్నాయి.

"ఇద్దరం ఒకే గది" అన్నాను. "ఒకే నీళ్ళు, ఒకే రొట్టె. క్రిములు నా నోట్లో జాతర చేసుకుంటున్నాయి. ఆవిడ నోట్లో గడ్డిపోచైనా దొరక్క అల్లాడుతున్నాయి. మరి ఎముక ఎవరిది పోయింది?"

నీ వేలు మీ నాయనమ్మ ఎక్స్‌రే మీద ఆగింది.

"ఆవిడ వేసుకుని నేను వేసుకోనిది ఏమిటి?"

"కాపలా చుక్కలు. నీకు కీళ్ళవాతం సూదిమందు ఉందని నేనే వద్దన్నాను." తర్వాతి మాట నీ అంతట నువ్వే అన్నావు. "నీ సూది ఆ కేకనే ఆపుతుంది."

"ఆపుతుంది. మామూలు ఒంట్లో అయితే ఎముకే ఇంకో పదార్థం తయారుచేస్తుంది, కూల్చేవాళ్ళకు చేరకముందే కేకను దారిలో పట్టి మింగేస్తుంది. నీ చుక్కలు కేకను పెంచాయి, మింగేదాన్ని పెంచలేదు. లెక్క ఒకవైపే ఒరిగింది."

"ఇద్దరు మనుషులతో సాక్ష్యం అవుతుందా?"

"కాదు. మిగతా గదుల్లో చిగుళ్ళు ఎర్రబడ్డవాళ్ళనీ, అసలు మందు వేసుకోనివాళ్ళనీ పిలిచి చూడు. నేను సాక్ష్యం తేలేదు, ఎక్కడ వెతకాలో చూపించాను. అది చాలదంటే నిన్ను చదివించినందుకు నన్ను నేను తిట్టుకుంటాను."

ఎక్స్‌రేలు రెండూ తీసి బల్ల మీద పెట్టావు. "చుక్కలు ఆపితే జ్వరం వస్తే?" అన్నావు. అప్పుడు నీ గొంతులో డాక్టరు లేదు, తండ్రి పోయిన పిల్ల ఉంది.

అందరికీ ఆపమని నేను అనలేదు. ఇప్పుడూ అనను.

ఉతుకువారం

సమస్య నువ్వనుకున్నాను. కాదు, మీ నాయనమ్మ.

నువ్వు గదులన్నీ తిరుగుతున్నావని, చిగుళ్ళు ఎర్రబడ్డవాళ్ళంతా చుక్కలు మానకుండా వేసుకునేవాళ్ళేనని నూకరత్నం చెప్పింది. ఈ మాట ఆవిడ చెవిన పడింది. పడగానే సీసా తీసి, రెట్టింపు మీద ఇంకో రెండు చుక్కలు వేసుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. ఈ వయసులో ఇద్దరం సీసా కోసం పెనుగులాడుకున్నాం. దుప్పట్లు మడతపెడుతున్న పక్కగది వాళ్ళు తలుపు తీసి చూసి, మర్యాదగా మూసుకున్నారు.

"పిల్లకు చెడ్డపేరు వస్తుంది వదినగారూ."

"మీరు పై అరకు వెళితే మంచిపేరు వస్తుందా?"

"నా పళ్ళే మంచివి కావు. మా అమ్మకూ అంతే. మందుది తప్పు కాదని చెప్పండి దానికి."

"మీ అమ్మగారు పోయేదాకా చెరకు నమిలారని మీరే చెప్పారు."

ఆవిడ కింద పళ్ళను నాలుకతో తడుముకుంది. ఒకటి ఊగడం నాకు ఇవతలినుంచే కనపడింది. ఈ మనిషి తన పళ్ళను ఒక్కొక్కటిగా నీ పేరుకు అడ్డం పెడుతోంది చారూ. నా చదువంతా ఎందుకూ కొరగాలేదు. ఎముక ఎందుకు కరుగుతుందో చెప్పగలను గానీ, మీ నాయనమ్మకు ఏం చెప్పాలో మాత్రం నాకు తెలియడం లేదు. నువ్వు రావాలి. చీటీ కాదు, మనిషివి రావాలి.

నీళ్ళవారం

వచ్చావు. జరిగింది నీకు తెలుసు. అయినా రోజువారీ కదా, రాయాలి.

మంచం మీద కాక కింద, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నావు. చీటీ ఆవిడ చేతికిచ్చి చదవమన్నావు. ఆవిడ కళ్ళద్దాలు వెతుక్కుంటుంటే నావి ఇచ్చాను. 'వైద్యం వల్ల' అని ఉంది. కింద నీ సంతకం. చిగుళ్ళు ఎర్రబడ్డవాళ్ళకు చుక్కలు ఆపాలనీ, మిగతావాళ్ళకు ఇస్తూ చిగుళ్ళు చూస్తూ ఉండాలనీ ఇంకో కాగితం మీద ఉంది. మీ శాఖ పెద్దాయన ఆ రెండో కాగితం చూసి అరిచాడని నువ్వు చెప్పలేదు, నూకరత్నం చెప్పింది.

"ఇది వెనక్కి తీసుకోవే" అంది మీ నాయనమ్మ. "మీ నాన్న కోసం చేసిన మందు. దాని మీద నువ్వే ఇలా రాస్తే ఎలా?"

"నాన్న కోసం చేసింది నాన్నలాంటి వాళ్ళను కాపాడటానికి నాయనమ్మా. నీ ఎముక కరిగించడానికి కాదు. జ్వరానికి అది మంచిదే. నీకు ఎక్కువైంది. రెండూ నిజమే."

"నిన్నేమన్నా అంటారా?"

"అంటున్నారు."

ఆవిడ నీ తల మీద చెయ్యి వేసింది. ఇంకో చేత్తో కొంగులోంచి సీసా తీసి, నీకు కాదు, నాకిచ్చింది. "ఇది మీ దగ్గరే ఉంచండి వదినగారూ. నా దగ్గరుంటే వేసుకుంటాను."

మెట్ల మీద నువ్వు అడిగావు, పోయిన ఎముక తిరిగొస్తుందా అని. రాదు. వచ్చినా గోరంత. కూల్చడం ఆగితే ఉన్నది నిలబడుతుంది, చిగుళ్ళు బిగుస్తాయి. అంతే. నీకు తెలిసిన సంగతే, నా నోట వినాలని అడిగావు.

ఇక పని. చీటీ ఒక్కటే సరిపోదు. మైనంవారం ఎల్లుండే. అధికారులు కొత్త వరస తీసేటప్పుడు పళ్ళు ఊగితే అచ్చు చెదురుతుంది, మర్నాడు గేటు మళ్ళీ మొదలుపెడుతుంది. కాబట్టి రేపు పొద్దున వచ్చేటప్పుడు ఆ కింద పళ్ళను పక్కవాటితో కలిపి కట్టడానికి తీగ తీసుకురా. సరుకుల గదిలో అడిగితే ముందు మందపాటిది ఇస్తారు, వద్దను. అన్నిటికంటే సన్నది, మెత్తగా వంగేది కావాలి. వంపు ముక్కు పటకారు ఒకటి, కత్తెర ఒకటి. పోయినసారి తెచ్చినటువంటి మొద్దు కత్తెర అయితే నిన్నే వెనక్కి పంపుతాను. వంటశాలలో ఆగి గంజి పలచగా కాయించి మూతగిన్నెలో పట్టుకురా, కట్టాక ఆవిడ రొట్టె ముట్టుకోకూడదు. ఆవిడ ముందు తీగ అనకు, వద్దంటుంది. నగ చేయిస్తున్నామను.